అసూయ కాదు మహాప్రభో, పందెం!

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ ఇంగ్లిష్ పాఠంలో ‘వై’ అనే క్రియకు అర్థం చెప్పారు. ఎందుకు అని అడిగే ‘వై’ కాదు, వి, ఐ, ఈ అక్షరాలతో రాసేది, పోటీపడటం అని అర్థం వచ్చేది. సవరణ వేస్తారేమోనని నాలుగు రోజులు చూశాను. వేయలేదు.

అది ‘ఎన్వీ’ నుంచి, అంటే అసూయ నుంచి పుట్టిందని రాశారు. ఎదుటివాణ్ణి చూసి ఓర్వలేకే పోటీకి దిగుతామట! కథ బాగానే ఉంది, నిజం కాదంతే. ‘ఎన్వీ’ లాటిన్‌లో ‘చూడటం’ అనే ధాతువు నుంచి వచ్చింది, ‘వీడియో’ కూడా ఆ ఇంటిదే. ‘వై’ పుట్టింది పేకాటలో. పాత ఫ్రెంచిలో ‘ఎన్వియే’ అంటే పందెం పెంచి ఎదుటివాణ్ణి కవ్వించడం. ఒకడు పది అంటే ఇంకొకడు ఇరవై అనడమన్నమాట. దాని మూలం లాటిన్ ‘ఇన్విటారే’, పిలవడం. శుభలేఖల్లో వేసుకునే ‘ఇన్విటేషన్’ దీనికి అక్క వరస. 16వ శతాబ్దంలో ఇంగ్లిష్‌వాళ్లు మొదటి అక్షరాలు మింగేసి ‘వై’ మిగిల్చారు. చేతిలో ముక్కలు చూసుకుని పందెం ఒడ్డటానికీ అదే మాట వాడేవారు. మాట రూపం దగ్గరగా ఉందని చుట్టరికం కలిపేయడమేనా?

పైగా ‘ఇంగ్’ చేర్చినప్పుడు ‘ఐఈ’ అలాగే ఉంచేశారు. డై, లై, టై లాగే ఇక్కడా అది ‘వై’ (y) అనే ఒక్క అక్షరంగా మారాలి. ఇది స్కూలు పిల్లలకీ తెలుసు. మనిషితో పోటీ అయితే ‘విత్’, వస్తువు కోసమైతే ‘ఫర్’ అన్న అసలు సంగతి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. నేర్చుకునేవాడికి కావలసింది అదేగా!

ఇంగ్లిష్ పత్రికలకు ఈ మాటంటే మోజు. మూడే అక్షరాలు, హెడ్డింగులో ఇట్టే ఇమిడిపోతుంది. మరి దిద్దేవాళ్లు ఏమయ్యారు? ఒకప్పుడు ప్రూఫ్‌రీడరంటే సబ్‌ఎడిటర్లకు కూడా హడల్. ఇప్పుడు కంప్యూటర్ ఎర్రగీత గీయకపోతే అంతా ఒప్పే. ప్రభుత్వ బోర్డుల మీద తప్పుల గురించి అధికారులకు రాసి రాసి చేతులు నొప్పెట్టాయి. అన్నట్టు, ‘కాంపీట్’, ‘పిటిషన్’ రెంటికీ ధాతువు ఒకటే, కోరడం. మనవి పిటిషన్ల దగ్గరే ఆగిపోతున్నాయి, అది వేరే కథ.

సవరణ మూలన చీమ తలకాయంత అక్షరాల్లో వద్దు. తప్పు అచ్చయిన చోటే, అంతే సైజులో వేయండి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు, రిటైర్డ్ ఇంగ్లిష్ టీచర్