మంత్రిగారూ, ఈసారి పేరు రాయడం లేదు

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

ఇది నా నాలుగో అర్జీ. మొదటి మూడూ సోమవారాల్లో కలెక్టరాఫీసులో ఇచ్చినవే. మూడోసారి కౌంటర్లో అబ్బాయి కాగితం చదివి, "ఏఆర్‌టీ సెంటర్ మీదేనా అమ్మా కంప్లైంటు?" అని వరసంతా వినేలా అడిగాడు. ఏఆర్‌టీ సెంటరంటే హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకి మందులిచ్చే చోటు. ఆ అర్జీలో నేను రాసుకున్న బాధే, నా జబ్బు సంగతి నలుగురికీ తెలిసిపోతోందని! వారం తిరక్కుండా ఫోనుకి మెసేజ్: "మీ అర్జీ పరిష్కరించబడినది." ధన్యవాదాలండీ.

పదకొండేళ్లుగా మందులు వాడుతున్నాను. మందులిస్తున్నారు, అబద్ధమాడను. కానీ ఆ గదిని ఓపీ చీటీల వరసకి ఎదురుగా మార్చారు. బోర్డు ఇంతింత అక్షరాలతో ఉంటుంది. లోపల్నుంచి పేరూ ఊరూ కలిపి కేకేస్తారు. మా ఊరి నుంచి జ్వరానికో కట్టుకో రోజూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. పోయిన సంక్రాంతికి ముందు మా ఆడపడుచు తోడికోడలు ఆ వరసలోనే నిలబడి ఉంది. ఆ పండక్కి మా ఇంటి అరిసె ఎవరూ ముట్టుకోలేదు. అడిగితే వేరే సెంటర్‌కి మార్పించుకోమన్నారు. అది 60 కిలోమీటర్లు. ఆ రోజు కూలి ఎవరిస్తారు?

మా సమ్మతి లేకుండా మా జబ్బు బయటపెట్టకూడదని 2017 హెచ్‌ఐవీ చట్టంలో ఉందని మీకు నేను చెప్పాలా? 20 మంది పనిచేసే ఆసుపత్రిలోనైనా ఫిర్యాదుల అధికారి ఉండాలట. పైన ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ ఉండి 30 రోజుల్లో తేల్చాలట. మా ఆసుపత్రిలో ఆ అధికారి ఎవరంటే సెక్యూరిటీ అతన్ని చూపించారు.

మా అబ్బాయి పాత సంగతులు చదివి వినిపించాడు. 1868లో తెల్లదొరలు చట్టం తెచ్చి, సోల్జర్లకి సుఖరోగాలు అంటకుండా పడుపు వృత్తిలోని ఆడవాళ్ల పేర్లు రిజిస్టర్లో ఎక్కించి, జబ్బుంటే లాక్ హాస్పిటలనే సుఖరోగాల ఆసుపత్రిలో పెట్టేవారట. భయం సోల్జర్ల గురించి, రిజిస్టరు ఆడవాళ్లకి. (మా ఇంట్లోనూ అంతే. తెచ్చింది ఆయన, పేరు నాకు.) 1888లో దాన్ని ఎత్తేశారు. 1989లో గోవాలో రక్తదానానికెళ్లిన డొమినిక్ డిసౌజాని, హెచ్‌ఐవీ ఉందని 64 రోజులు విడిగా బంధించారు. మమ్మల్ని బంధించడం లేదు కదా, అదే పదివేలనుకోమంటారా?

ఒక తెర కట్టించండి. పేరు బదులు నంబరు పిలవమనండి. ఆ బోర్డు అటు తిప్పించండి. ఆ అధికారి ఎవరో చెప్పించండి. దయచేసి నంబరు పిలవమనండి బాబూ, దానికి బడ్జెట్ కూడా అక్కర్లేదు. ఇవేవీ కాకపోతే ఆ మెసేజ్ అయినా ఆపించండి.

ఇట్లు,
మూడుసార్లు పేరు రాసి ఇచ్చినామె