అనంతపురం జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి గారికి: మానసిక రోగుల మందుల గురించి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి,

స్కిజోఫ్రెనియా అనే తీవ్ర మానసిక జబ్బుకు మందులు చాలామంది ఏళ్ల తరబడి వాడాలి. మధ్యలో ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ కనుక, కళ్యాణదుర్గం, రాయదుర్గం పల్లెల నుంచి ఓపీకి వచ్చే కూలీ కుటుంబాలకు బయట కొనుక్కోమని చీటీ రాసివ్వడమంటే చికిత్సను అక్కడితో ఆపమన్నట్టే.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రకారం, అత్యావశ్యక మందుల జాబితాలోని మందులన్నీ సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలుకొని పై స్థాయి ప్రభుత్వ ఆసుపత్రులన్నింటిలోనూ ఎల్లవేళలా ఉచితంగా దొరకాలి. ఇది దయ కాదు, హక్కు.

రిస్పెరిడోన్, హాలోపెరిడాల్ వంటి పాత జెనరిక్ మందులు చాలామందికి చక్కగా పనిచేస్తాయి. సరైన కారణం లేకుండా ఖరీదైన బ్రాండ్లు రాయడం, ఒకే రోగికి ఇలాంటి మందులే (యాంటీసైకోటిక్‌లు) రెండు మూడు కలిపి ఇవ్వడం ఖర్చునే కాదు, వణుకు, మగత, బరువు పెరగడం వంటి ఇబ్బందులనూ పెంచుతాయి. క్లోజపిన్ విషయం వేరు. ఇతర మందులకు లొంగని జబ్బుకు అది అవసరమే, కానీ తెల్లరక్తకణాల పరీక్ష క్రమం తప్పకుండా చేయాలి, ఆ పరీక్ష కూడా ఉచితంగా, దగ్గరలోనే అందాలి.

ఓపీ చీటీలను ప్రతి మూడు నెలలకూ సమీక్షించి, ఏ మందు ఏ కేంద్రంలో నిల్వ ఉందో నోటీసు బోర్డుపై పెట్టించి, నిలకడగా ఉన్న రోగులకు నెలకు సరిపడా మందులు ఒకేసారి ఇచ్చేలా ఆదేశించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
అనంతపురం వాసి