ఊరికే వాయించను

సంపాదకులకు నమస్కారం.

కార్పొరేట్ ఉద్యోగాలు మానేసి సంగీతంలోకి వచ్చినవాళ్ల మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. నేనూ వాళ్లలో ఒకడిని. ఒక మందుల కంపెనీలో రీజనల్ మేనేజర్‌గా ఉండి, 53వ ఏట రాజీనామా చేశాను. ఇప్పుడు కచేరీలకు వయొలిన్ పక్కవాద్యం వాయిస్తున్నాను. వ్యాసంలో ‘లక్షల జీతం వదులుకుని’ అన్న మాట మళ్లీ మళ్లీ వచ్చింది. నాకు ఇబ్బందిగా అనిపించింది అక్కడే.

మాది విజయనగరం. ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ నేర్పిన ఊరు. పదో తరగతితో ఆపేసిన వయొలిన్ 47 ఏళ్లకి మళ్లీ పట్టుకుంటే, గురువుగారు మొట్టమొదటి పాఠాలైన సరళీ స్వరాల నుంచి మొదలుపెట్టించారు. కుర్చీకి అలవాటుపడ్డ శరీరం నేలమీద, వయొలిన్ కొస కుడి పాదానికి ఆనించి, అరగంట కూడా కూర్చోలేకపోయేది. తోడి రాగంలో గాంధారం, అంటే ‘గ’ స్వరం, కాస్త పట్టుబడేసరికే ఏడాది దాటింది.

మొదట్లో ఎవరు పిలిచినా డబ్బు తీసుకోలేదు. దాచుకున్నది ఉంది కదా అనుకున్నాను. ఒక శ్రీరామనవమి పందిట్లో కచేరీ అయ్యాక, మృదంగం వాయించిన అబ్బాయి నాతోపాటు బస్టాండు దాకా నడిచి వచ్చాడు. “సార్, ఇక్కడ ఏటా మా అన్నయ్య వయొలిన్ వాయించేవాడు. మీరు ఊరికే వస్తానన్నారని ఈసారి పిలవలేదు” అన్నాడు. కోపంగా కూడా అనలేదు. వాళ్లన్నయ్యకి కచేరీలు, ఇళ్లకు వెళ్లి చెప్పే పాఠాలు తప్ప వేరే ఆధారం లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పటినుంచి మిగతా కళాకారులకు ఎంత ఇస్తారో అంత సంభావన అడుగుతున్నాను. “మీకెందుకు సార్ డబ్బు?” అంటారు నిర్వాహకులు. పిలుపులు తగ్గాయి. ఫరవాలేదు. ఒకచోటైతే నేనే విరాళం రాస్తే సాయంత్రం కచేరీలో అవకాశం ఇస్తామన్నారు. దండం పెట్టి వచ్చేశాను.

వేరే వృత్తిలో ఉన్నవాళ్లు సంగీతానికి రావాలి. శ్రీపాద పినాకపాణి గారు డాక్టరుగా పనిచేస్తూనే నేదునూరి కృష్ణమూర్తి, నూకల చినసత్యనారాయణ గార్ల వంటివారికి పాఠం చెప్పారు. కానీ నాలాగా ఆలస్యంగా వచ్చినవాళ్లందరికీ ఒక్క మనవి: దయచేసి ఉచితంగా ఒప్పుకోకండి. డబ్బు అక్కర్లేకపోతే తీసుకుని, నేర్చుకునే పిల్లలకు ఇవ్వండి.

మీరు కూడా ఇంకోసారి ఇలాంటి వ్యాసం వేసేటప్పుడు, మేం వదులుకున్న జీతంతో పాటు, ఆ సాయంత్రం మా పక్కన మృదంగం వాయించిన అబ్బాయికి ఎంత ముట్టిందో కూడా అడిగి రాయండి.

— ఒక వయొలిన్ కళాకారుడు, విశాఖపట్నం