ప్రమాద బాధితుల కేసుల్లో చికిత్స చేసిన వైద్యుల సాక్ష్యం గురించి తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారాలు. రోడ్డు ప్రమాదాల్లో గాయపడినవారి తరఫున మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌లో వాదించే న్యాయవాదిగా ఈ లేఖ రాస్తున్నాను. కోర్టుల్లో జరిగే జాప్యంలో చాలా భాగం మీ పరిధిలోనిది కాదు. గాయపడినవారికి వైద్యం చేసిన డాక్టరు సాక్ష్యానికి రాలేకపోవడం మాత్రం మీ శాఖ తలచుకుంటే చాలావరకు సరిదిద్దగలిగిన లోపం.

నా కక్షిదారుల్లో ఒక గీత కార్మికుడు ఉన్నాడు. లారీ ఢీకొని అతని తొడ ఎముక, మోకాలి చిప్ప విరిగాయి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. ఎముక అతుక్కుంది కానీ మోకాలు సగానికి మించి వంగదు. కేసు సాక్ష్యం దశకు వచ్చేసరికి ఆపరేషన్ చేసిన డాక్టరు గారు వేరే జిల్లాకు బదిలీ అయ్యారు, రెండుసార్లు సమన్లు వెళ్లినా రాలేకపోయారు. చివరకు అతన్ని ఒక్కసారి పరీక్షించి కాలికి 35 శాతం వైకల్యమని ధ్రువపత్రం ఇచ్చిన మరొక వైద్యుణ్ణి బోనెక్కించవలసి వచ్చింది. ఇతనికి మీరు వైద్యం చేశారా, కేస్ షీట్ చూశారా అని బీమా సంస్థ న్యాయవాది అడిగారు. రెండింటికీ లేదనే జవాబు వచ్చింది. ఆ ధ్రువపత్రానికి అక్కడితో విలువ పోయింది.

మోకు బిగించుకుని తాటిచెట్టెక్కే మనిషికి మోకాలు వంగకపోతే చేతిలో ఉన్న పని మొత్తం పోయినట్టే. అదే గాయం కుర్చీలో కూర్చుని పనిచేసే ఉద్యోగికి జీతంలో ఒక్క రూపాయి కూడా తగ్గించకపోవచ్చు. రాజ్ కుమార్, అజయ్ కుమార్‌ల కేసులో 2010 అక్టోబరులో సుప్రీంకోర్టు విడమరచి చెప్పినది ఇదే. శరీరం ఏ పని చేయగలదో, ఏది చేయలేదో డాక్టరు చెప్పాలి, దానివల్ల సంపాదన ఎంత పోయిందో ట్రిబ్యునల్ తేల్చాలి. వైద్యం చేయకుండానే ధ్రువపత్రాలు ఇచ్చేవారి సాక్ష్యం పట్ల జాగ్రత్తగా ఉండాలని కూడా ఆ తీర్పు హెచ్చరించింది. చికిత్స చేసిన డాక్టరు చెప్పే నిజం ఒక్కోసారి నా కక్షిదారుకే ప్రతికూలంగా ఉండవచ్చు. అయినా ఆ నిజమే ట్రిబ్యునల్ ముందుకు రావాలని నేను కోరుకుంటున్నాను.

డాక్టర్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఓపీలో రోగుల వరుసను వదిలి వచ్చిన సర్జన్‌ను సాయంత్రం దాకా కోర్టు వరండాలో కూర్చోబెట్టి వాయిదా వేసి పంపిన రోజులు నాకు తెలుసు. అందుకే అదే తీర్పులో సుప్రీంకోర్టు, డాక్టర్లకు వీలైన సమయం కనుక్కుని కమిషన్ ద్వారా, అంటే కోర్టు నియమించిన వ్యక్తి కోర్టు బయటే తీసుకునేలా, సాక్ష్యం నమోదు చేయాలని, ఉదయం పదిన్నరకే రమ్మనకుండా నిర్దిష్ట సమయం ఇవ్వాలని, ఎదుటి పక్షం వివాదం చేయని ధ్రువపత్రాలను నోటి సాక్ష్యం లేకుండానే అంగీకారంతో స్వీకరించవచ్చని ట్రిబ్యునళ్లకు సూచించింది. ఆసుపత్రి వైపు నుంచి చేయూత లేకపోతే ఆ సూచనలు కాగితం దాటవు.

కాబట్టి ప్రభుత్వ ఆసుపత్రులకు, ఆరోగ్యశ్రీ కింద ప్రమాద బాధితులకు వైద్యం చేసే ప్రైవేటు ఆసుపత్రులకు మీ శాఖ స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వాలని కోరుతున్నాను. సాక్ష్యం చెప్పే రోజును, బదిలీ అయినవారికి సైతం, డ్యూటీగా లెక్కించాలి. ప్రతి జిల్లా ఆసుపత్రిలో వీడియో ద్వారా సాక్ష్యం చెప్పేందుకు ఒక గది, సమన్లు అందుకుని తేదీ ఖరారు చేసే ఒక ఉద్యోగి ఉండాలి. వీడియో ద్వారా సాక్ష్యం చెల్లుతుందని సుప్రీంకోర్టు 2003లోనే తేల్చింది.

కేస్ షీట్ల సంగతి ఇంకా తొందరపడవలసినది. 2002 నాటి వైద్య నియమావళి ప్రకారం ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి 3 ఏళ్లు ఉంచితే చాలు, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. కానీ మా కేసులు అప్పీలు దాకా వెళ్తే ఆ 3 ఏళ్లు ఎప్పుడో దాటిపోతాయి. మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలియజేయవలసిన కేసుగా, నమోదైన ప్రతి గాయం రికార్డునూ, ఎక్స్‌రేలతో సహా, పరిహారం కేసు అప్పీలుతో సహా ముగిసే వరకు భద్రపరచాలని ఆ ఉత్తర్వులోనే చేర్చండి.

భవదీయుడు,
ప్రమాద పరిహార కేసులు వాదించే ఒక న్యాయవాది,
నల్గొండ జిల్లా