గ్రీకు పద్యానికి పాటే ప్రాణం

సంపాదకులకు,

అయ్యా! ప్రాచీన గ్రీకు కవిత్వం గురించి రాసేవారు చాలామంది అందులోని పాటను వదిలేస్తున్నారు. ప్రాచీన గ్రీకు కవయిత్రి సాఫో పద్యాలు లైర్ అనే తంత్రీవాద్యం మీద పాడుకున్నవి. గ్రీకులకు ‘మౌసికే’ అంటే మాట, రాగం, నాట్యం కలిసినదే. లయ వేరే కట్టనక్కర్లేదు. మన గురులఘువుల్లాగే దీర్ఘ, హ్రస్వాక్షరాలే దాన్నిచ్చేవి. స్వరం సంగతి ఇంకా అబ్బురం. ఆ భాషలో మాటకొక అక్షరం పైస్థాయిలో పలికేది (వేదం వల్లించేవారికి ఉదాత్తమనే ఈ పైస్వరం తెలిసిందే). గ్రీసులోని డెల్ఫీలో 1893లో దొరికిన, క్రీ.పూ. 2వ శతాబ్దపు స్తోత్రాల శాసనాల్లో సాహిత్యం పైన స్వరాల గుర్తులున్నాయి. అక్కడ ఉదాత్తాక్షరాన్ని ఆ మాటలోని మిగతా అక్షరాలకంటే దించి పాడకుండా జాగ్రత్తపడ్డారు. అనువాదకులు కనీసం పీఠికలోనైనా మూలం ఏ ఛందస్సులో ఉందో, ఏ వాద్యంతో పాడేవారో చెప్పాలని నా విన్నపం.

— ఒక తెలుగు ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం