డాల్ఫిన్ నోట్లోంచి వేడిగాలి

సంపాదకులు గారికి నమస్కారం.

ఇది ఫిర్యాదో ముచ్చటో చదివి మీరే తేల్చుకోండి.

పోయినేడాది మా అమ్మాయి పురుడుకని లండన్ వెళ్లి మూడు నెలలున్నాం. మా ఆవిడకి మనవడు దొరికాడు, నాకు కెమెరా దొరికింది. బేస్‌వాటర్ దగ్గర లెన్‌స్టర్ గార్డెన్స్ అని ఒక వీధి, వరసగా పాతకాలపు తెల్లటి మేడలు. వాటిలో 23, 24 నంబర్లు ఇళ్లే కావు, అయిదడుగుల మందాన ఉత్త గోడ! స్తంభాలు, బాల్కనీలు అన్నీ పక్కిళ్లకి మల్లేనే ఉన్నాయి. రెండుసార్లు వాటి ముందునుంచే వెళ్లి కూడా పోల్చుకోలేకపోయాను. మూడోసారి జూమ్ చేసి చూస్తే కిటికీలకి అద్దాల్లేవు, అద్దం ఉండాల్సిన చోట బూడిదరంగు పూసేశారు, తలుపుకి ఉత్తరాలు వేసే కంత కూడా లేదు. చుట్టూ తిరిగి వెనక వీధిలోకి వెళ్తే ఇంకేముంది, కింద రైలు పట్టాలు, పైన ఆకాశం. 1868లో ఆ లైను మొదలైనప్పుడు భూమి కింద నడిచినవి బొగ్గింజన్లు కదా, పొగంతా సొరంగంలోనే వదిలితే జనం ఉక్కిరిబిక్కిరైపోతారు, అందుకని అక్కడ పైన మూయకుండా వదిలేసి, వీధి బోసిపోకుండా ముందు ఈ గోడ లేపారు.

న్యూయార్క్ బ్రూక్లిన్‌లోనూ 1847 నాటి ఇల్లొకటి సబ్‌వేకి, అంటే భూమి కింద నడిచే రైలుకి, గాలి గొట్టంగా మారిందట, అది ఫొటోల్లో చూడటమే. లండన్‌లోనే పిమ్లికో అనే చోట మాత్రం ఇలాంటిదే కళ్లారా చూశాను. నేల కింద కార్ పార్కింగ్‌లోని గాలి బయటికి పోవడానికి 1982లో పావొలోజీ అనే శిల్పి చేత పొడుగాటి లోహపు స్తంభం చేయించారు. మొదట ఏదో స్మారకం అనుకున్నాను.

విశాఖ తిరిగొచ్చాక ఆ పిచ్చి వదల్లేదు. పొద్దున్నే వాకింగ్‌కి కెమెరా పట్టుకెళ్తున్నాను. ఒక షాపింగ్ కాంప్లెక్స్ ముందు ఫుట్‌పాత్ పక్కన సెల్లార్ గాలి వదిలే జాలీ ఉంది, సరిగ్గా నడిచేవాళ్ల నడుమెత్తున. చుట్టూ ప్లాస్టిక్ గడ్డి అంటించి, గోడ మీద డాల్ఫిన్ బొమ్మ వేశారు. జాలీ దాని నోటి దగ్గరికొచ్చింది. పక్కన మల్లెపూలమ్ముకునే ఆవిడ తడిగుడ్డ కప్పినా పూలు వాడిపోతున్నాయని బుట్టని రోజూ ఇంకో రెండడుగులు రోడ్డు వైపుకి జరుపుకుంటోంది. అవతల బస్సులు.

నిజానికి డాల్ఫిన్ నోటితో ఊపిరి వదలదు, నడినెత్తి మీది రంధ్రంలోంచి వదులుతుంది. బొమ్మ వేసినాయనకి ఆ సంగతి తెలిసుంటే గాలి గొట్టం కూడా పైకే పోయేదేమో!

ఫొటో తీస్తుంటే గార్డు పరిగెత్తుకొచ్చాడు. "ఏటండీ, ఏటి తీస్తన్నారు?" అన్నాడు. డాల్ఫిన్‌ని అన్నాను. డిలీట్ చేయమన్నాడు. నేవీ ఏరియాలో వద్దంటే అర్థముంది, అక్కడ నేను కెమెరా సంచిలోంచి తీయను కూడా. పార్కింగ్ గాలికి రహస్యమేమిటండీ?

ప్లాన్లు మంజూరు చేసేవాళ్లకి నా మనవి ఒక్కటే. గడ్డి, బొమ్మలు తర్వాత, ముందు ఆ గొట్టాన్ని మనిషి తల దాటించమనండి.

ఫొటోలు మూడు జతచేశాను. నాలుగోది గార్డు డిలీట్ చేయించాడు.

- ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం