ఫిజిక్స్ బహుమతుల డిపాజిట్ల లెక్క నోటీసు బోర్డు మీద పెట్టండి

సంపాదకుడు గారికి,

పది రోజుల క్రితం మీ జిల్లా పేజీలో మా క్రైస్తవ కళాశాల వార్షికోత్సవం వార్త వచ్చింది. ఫొటోలో వేదిక మీద పదకొండు మంది, అందరి భుజాల మీదా శాలువాలు. బహుమతులు అందుకున్న పిల్లలు ఒక్కరూ కనపడలేదు. ‘ప్రతిభావంతులకు నగదు పురస్కారాలు’ అని రాశారు గానీ ఎంత నగదో రాయలేదు. ఆ సభలో రెండో వరసలో కూర్చున్నవాణ్ణి కనుక నేను చెబుతాను. ఫైనలియర్ ఫిజిక్స్‌లో కాలేజీ ఫస్టు వచ్చిన అమ్మాయి కవరు విప్పితే అందులో ఉన్నది ఒక్క ఐదు వందల నోటు.

ఈ ఉత్తరం ఆ రాత్రే రాయాల్సింది. కోపం చల్లారాక రాద్దామని ఆగాను. చల్లారలేదు.

ఆ కాలేజీలో ముప్ఫై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పాను. ఆ బహుమతి ఎలా పుట్టిందో నాకు తెలుసు. మా హెడ్డు గారు పోయాక, 1991లో, ఆయన భార్య 25 వేల రూపాయలు తెచ్చి కాలేజీకి ఇచ్చారు. ఆవిడ వెంట బ్యాంకుకు వెళ్ళింది నేనే. డిపాజిట్ కాగితాల మీద సంతకం పెట్టబోతూ కలం ఆపి, “ఎమ్మెస్సీలో చేరే పిల్లలకు ఫీజుకు సరిపోతుంది కదా బాబూ?” అని అడిగారు. సరిపోయేది. అప్పట్లో డిపాజిట్ల మీద వడ్డీ పది శాతం పైనే, ఏడాదికి రెండున్నర వేలకు తగ్గేది కాదు. మొదట్లో వచ్చిన వడ్డీ వచ్చినట్టే పిల్లలకు ఇచ్చారు. తర్వాత ఏ సంవత్సరంలోనో, ఎవరు రాశారో తెలియదు, రిజిస్టరులో 500 అని పడింది. ఇక అదే ఖాయమైపోయింది.

ఇవాళ వడ్డీ ఆరు శాతమే అనుకున్నా 1,500 రావాలి. మిగతా వెయ్యి ఎటు పోతోంది? ఇన్నేళ్ళుగా ఇవ్వకుండా మిగిలిన వడ్డీ ఏ ఖాతాలో ఉంది? ఎవరో తినేశారని నేను అనడం లేదు. లెక్క ఎవరి దగ్గరా లేదని అంటున్నాను. ఆఫీసులో అడిగితే “జనరల్ ఫండులో కలిసిపోయింది సార్” అన్నారు. ఒక మనిషి జ్ఞాపకంగా, ఒక పని కోసం ఇచ్చిన డబ్బు అది. జనరల్ ఫండులో కలపడానికి ఎవరికీ హక్కు లేదు.

ప్రాక్టికల్స్‌లో ఫస్టు వచ్చినవాళ్ళకు పాత విద్యార్థులు చందాలు వేసుకుని పెట్టిన వెండి పతకం ఒకటి ఉండేది. ఈసారి ఆ పతకం గెలిచిన కుర్రాడు సభ అయ్యాక నా దగ్గరకు వచ్చి సర్టిఫికెట్ చూపించాడు. ‘రజత పతకము బహూకరించడమైనది’ అని అచ్చు వేసి ఉంది. పతకం ఇవ్వలేదు. “తర్వాత ఇస్తారా సార్?” అని అడిగాడు. స్పెక్ట్రోమీటరు ముందు కూర్చుంటే రీడింగు మూడుసార్లు సరిచూసుకుని గానీ రికార్డులో రాయని పిల్లవాడు వాడు. వాడి చేతికి జరగనిది జరిగినట్టు రాసిన కాగితం ఇచ్చాం. వెండి రేటు పెరిగిందట. శాలువాలకు, మెమెంటోలకు, గేటు నుంచి స్టేజీ దాకా కట్టిన ఫ్లెక్సీలకు మాత్రం డబ్బు దొరికింది.

ఆరోజు ముఖ్య అతిథి రాజా రామన్న గారి గురించి చాలాసేపు చెప్పారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో ఫిజిక్స్ చదివి, 1974 పోఖ్రాన్ అణుపరీక్ష జట్టుకు నాయకత్వం వహించిన మనిషి. చెప్పాల్సిందే, పిల్లలు వినాల్సిందే. తెలుగునాట కూడా క్రైస్తవ కళాశాలలకు తక్కువ చరిత్ర లేదు. మచిలీపట్నంలో నోబుల్ దొర బడి పెట్టింది 1843లో. గుంటూరు ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ 1885 నాటిది. పేదవాడి బిడ్డ చదువుకోవాలన్న పట్టుదలతో కట్టిన సంస్థలు ఇవి. అలాంటి చోట ఫిజిక్స్ చదివే పేదపిల్లకు న్యాయంగా రావలసిన వెయ్యి రూపాయలు అందకపోవడం నాకు సిగ్గుగా ఉంది.

ఇవి ఇంటి బహుమతులు. ఢిల్లీ నుంచి రావలసిన స్కాలర్‌షిప్పుల గతి ఇంకా అన్యాయం. ఇంటర్‌లో మంచి మార్కులు వచ్చి, ఇంటి ఆదాయం నాలుగున్నర లక్షలు దాటని డిగ్రీ పిల్లలకు కేంద్రం ఏటా 12 వేలు ఇస్తోంది. దేశం మొత్తం మీద ఏడాదికి 82 వేల మందికి కొత్తగా ఇస్తారు, అందులో సగం ఆడపిల్లలకు. పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాక కాలేజీ నోడల్ అధికారి గడువులోగా సరిచూసి పైకి పంపాలి. పంపకపోతే అక్కడితో సరి. నిరుడు సెకండియర్ అమ్మాయి ఒకతె రెన్యువల్‌కు పెట్టుకుంది. మార్కులున్నాయి, 75 శాతం పైగా హాజరు ఉంది. నోడల్ అధికారిగా ఉన్న కాంట్రాక్టు లెక్చరర్ మధ్యలోనే ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడు. ఓటీపీ అతని ఫోనుకే వెళుతోంది. నంబరు మార్పించడానికి జిల్లా ఆఫీసుకు ఒక ఉత్తరం రాసేవాళ్ళు లేకపోయారు. ఆ అమ్మాయి ఆఫీసు గుమ్మం ముందు నాలుగు రోజులు నిలబడింది. గడువు దాటిపోయింది. ఆ 12 వేలు ఇక ఎవరు ఇస్తారు?

తప్పంతా కాలేజీదే అంటే అన్యాయమవుతుంది. ఎయిడెడ్ పోస్టులు, అంటే సర్కారు జీతమిచ్చేవి, ఏళ్ళ తరబడి నింపలేదు. 2021లో ఎయిడెడ్ సిబ్బందిని ప్రభుత్వానికి అప్పగించమన్నారు. ఉన్న అనుభవజ్ఞులు కాస్తా సర్కారు కాలేజీలకు వెళ్ళిపోయారు. ఏ ఫైలు ఏ బీరువాలో ఉందో తెలిసినవాళ్ళు వాళ్ళే. తర్వాత 2023-24 నుంచి డిగ్రీలో ఒక్క సబ్జెక్టే ప్రధానంగా చదివే సింగిల్ మేజర్ తెచ్చారు. మా రోజుల్లో ఎంపీసీ అంటే మూడూ సమానం. ఇప్పుడు పిల్లలు కంప్యూటర్ల మేజర్ వైపు పోతున్నారు, ఫిజిక్స్ మేజర్‌లో బెంచీలు ఖాళీ. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎప్పుడు వస్తుందో ఏ అధికారీ చెప్పడు. అది రాలేదని పిల్లల సర్టిఫికెట్లు ఆపుతారు. ఇన్నిటికీ ఓర్చుకుని ఫిజిక్సే చదువుతానని వచ్చిన పిల్లకు కదా మనం ముందు చేయూతనివ్వాలి!

సైన్సు డిగ్రీ పిల్లలకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్పు ఉంది కదా అంటారు. ఏడాదికి 80 వేలు, అందులో 60 వేలు విద్యార్థి చేతికి. గొప్ప పథకమే. కానీ ప్రధానంగా ఇంటర్ బోర్డులో పై ఒక్క శాతంలో ఉన్నవాళ్ళకు. మన రాష్ట్రంలో ఆ ఒక్క శాతమూ దాదాపుగా ఇంజినీరింగుకే పోతుంది. 1999లో మొదలైన కేవీపీవై అనే కేంద్ర స్కాలర్‌షిప్పు అలా కాదు. పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టి ఎంపిక చేసేవారు, నెగ్గితే నెలకు 5 వేలు. ఇంటర్‌లో ర్యాంకు రాకపోయినా బుర్ర ఉన్న పిల్లకు అదొక దారి. 2022లో దాన్ని తీసుకెళ్ళి ఇన్‌స్పైర్‌లో కలిపేశారు. మైనారిటీలకు మెరిట్ కమ్ మీన్స్ అనే స్కాలర్‌షిప్పు పెట్టారు, అది వృత్తి, సాంకేతిక కోర్సులకే ఉండేది. క్రైస్తవ కాలేజీలో బీఎస్సీ ఫిజిక్స్ చదివే క్రైస్తవ అమ్మాయికి అది వర్తించేది కాదు. ఆమె కుటుంబం దళిత క్రైస్తవులైతే ఎస్సీ కింద రాదు, బీసీ-సీ కింద చూస్తారు, రిజర్వేషన్ ఒక్క శాతం. ఏ తలుపు తట్టినా పక్క తలుపు చూపిస్తారు.

అయినా ఇంకా ఉన్న దారులున్నాయి. ఫిజిక్స్ అధ్యాపకుల సంఘం, అదే ఐఏపీటీ, డిగ్రీ పిల్లలకు ఏటా జాతీయ స్థాయి పరీక్ష పెడుతోంది. మూడు సైన్సు అకాడమీలు కలిసి వేసవిలో రెండు నెలలు పెద్ద శాస్త్రవేత్తల దగ్గర పని చేయడానికి స్టైపెండు ఇచ్చి పంపుతాయి. దానికి కావలసింది దరఖాస్తు, అధ్యాపకుడి సిఫారసు ఉత్తరం. ఈ రెంటి సంగతీ మొన్న సభకు వచ్చిన ఫైనలియర్ పిల్లల్లో ఏడుగురిని అడిగాను. ఒక్కరికీ తెలియదు. చెప్పేవాళ్ళు లేక తెలియదు.

యాజమాన్యాన్ని నేను కోరేది పెద్దదేమీ కాదు. ఫిజిక్స్ విభాగం పేరున ఉన్న డిపాజిట్లు ఎన్ని, ఎవరు ఇచ్చారు, అసలు ఎంత, వడ్డీ ఎంత, పిల్లలకు ఎంత ఇచ్చారు అన్నది ఒక కాగితం మీద రాసి ఆగస్టులోగా నోటీసు బోర్డుకు అంటించండి. ఈ ఏటి అమ్మాయికి తక్కువ పడ్డ వెయ్యి, ఆ కుర్రాడికి రావలసిన పతకం ఇంటికి పంపండి. నోడల్ అధికారిగా పర్మనెంటు ఉద్యోగిని ఒకరిని పెట్టి, పేరు గేటు దగ్గర రాయండి.

1991 నాటి డిపాజిట్ రసీదు జెరాక్సు నా దగ్గర భద్రంగా ఉంది. లెక్క చూడటానికి కమిటీ వేస్తే, ఏ రోజు పిలిచినా తీసుకుని వస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫిజిక్స్ లెక్చరర్